లెవెల్ 3 పార్టీకి ఫైట్ ఎట్లా తూచాలి: సీఆర్ తర్వాత, ముందు టర్న్‌లు లెక్కపెట్టు

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. మిగతావాళ్లకు అర్థం కావడానికి క్లుప్తంగా చెప్తాను. నువ్వు హనుమకొండలో కొత్తగా డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాడు) అయ్యావు. ఆడుతున్నది పాచికలతో కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట, ఐదో ఎడిషన్, 2014 పుస్తకాలు. నీ పార్టీలో ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగ), క్లెరిక్ (పూజారి), విజార్డ్ (మాంత్రికుడు), నలుగురూ లెవెల్ 3. లెవెల్ 3 కదా అని సీఆర్ (చాలెంజ్ రేటింగ్, మాన్‌స్టర్ ఎంత గట్టిదో చెప్పే అంకె) 3 ఉన్న ఔల్‌బేర్‌ను (గుడ్లగూబ తల ఎలుగుబంటిని) బాస్‌గా పెడితే రెండో రౌండ్‌లోనే చచ్చింది. తర్వాతి వారం అడవి దారిలో ఎనిమిది గాబ్లిన్‌లతో మాటు వేయిస్తే ఆట ఆగమాగం అయింది. ఇద్దరు పడిపోయారు, విజార్డ్ పాత్ర చనిపోయింది. "ఎక్స్‌పీ చూస్తే గాబ్లిన్‌లవే తక్కువ కదన్నా, ఇట్లెట్లయింది?" అని అడిగావు.

సూటి జవాబు: సీఆర్, ఎక్స్‌పీ (మాన్‌స్టర్‌ను ఓడిస్తే వచ్చే పాయింట్లు) మొదటి అంచనాకు మాత్రమే పనికొస్తాయి. ఫైట్ బరువు తేలేది వేరే మూడు లెక్కల్లో. రౌండ్‌కు (అందరి వంతూ ఒకసారి అయ్యేసరికి) ఏ పక్షానికి ఎన్ని టర్న్‌లు (వంతులు) వస్తున్నాయి, మీ పార్టీ రౌండ్‌కు సగటున ఎంత డ్యామేజ్ చేస్తుంది, ఆ పూటకు వాళ్ల దగ్గర ఎన్ని స్పెల్ స్లాట్‌లు (మంత్రం వేసే అవకాశాలు) మిగిలాయి. ఈ మూడూ నోట్‌బుక్‌లో రాసుకుంటే నీకు జరిగిన రెండూ ముందే కనపడేవి.

నీ రెండు ఫైట్‌లనే పక్కపక్కన పెట్టి చూద్దాం. ఔల్‌బేర్ హెచ్‌పీ (ఎంత దెబ్బ తట్టుకుంటుందో చెప్పే అంకె) 59. ఎనిమిది గాబ్లిన్‌లకు తలా 7 చొప్పున 56. మీవాళ్లు కొట్టి దించాల్సింది రెండు చోట్లా దాదాపు ఒక్కటే. ఎక్స్‌పీ చూస్తే ఔల్‌బేర్‌కు 700, గాబ్లిన్‌లకు తలా 50 లెక్కన 400. కాగితం మీద ఔల్‌బేరే పెద్దది. కానీ దానికి రౌండ్‌కు ఒక్క టర్న్, గాబ్లిన్‌లకు ఎనిమిది.

ఇప్పుడు మీవాళ్ల వైపు లెక్క. మామూలు లెవెల్ 3 పార్టీకి అటాక్ బోనస్ (కొట్టేటప్పుడు పాచికకు కలిపేది) +5 ఉంటుంది. ఔల్‌బేర్ ఏసీ (దెబ్బ తగలాలంటే రావాల్సిన మొత్తం) 13. డి20 (ఇరవై ముఖాల పాచిక) మీద 8 పడితే చాలు, అంటే 65 శాతం తగులుతాయి. ఫైటర్ గ్రేట్‌సోర్డ్ సగటు 10, రోగ్ స్నీక్ అటాక్ కలుపుకుని 13, క్లెరిక్ గైడింగ్ బోల్ట్ మంత్రం 14, విజార్డ్ స్కార్చింగ్ రే మంత్రం మూడు కిరణాలూ కలిపి 21. మొత్తం 58. అందులో 65 శాతం అంటే రౌండ్‌కు 38 దాకా. ఫైటర్ యాక్షన్ సర్జ్ (అదే టర్న్‌లో ఇంకోసారి కొట్టడం) వాడితే ఇంకో ఆరు. మొదటి రౌండ్ అయ్యేసరికే 44 పోయింది. ఇక ఔల్‌బేర్ తన ఒక్క టర్న్‌లో +7తో రెండు దెబ్బలు వేస్తుంది, ఒకటి సగటున 10, ఇంకోటి 14. ఏసీ 16 ఉన్న ఫైటర్ మీద అవి 60 శాతం తగులుతాయి కాబట్టి సగటున 14 డ్యామేజ్. అంతే, దాని పని అయిపోయింది. కబడ్డీలో ఒక్క రైడర్ నలుగురి మధ్యకు పోయి మధ్యగీత ముట్టకుండానే దొరికిపోయినట్టు. నీ బాస్ బలహీనమైనది కాదు, ఒంటరిది.

గాబ్లిన్‌ల దగ్గర ఇదే లెక్క తిరగబడుతుంది. ఫైటర్ 10 కొట్టినా గాబ్లిన్‌కు 7 చాలు, మిగతా మూడు గాలికి. గైడింగ్ బోల్ట్ 14 కొడితే సగం వృథా. పైగా వాటి ఏసీ 15, అంటే మీవాళ్ల దెబ్బలు సగానికి కొంచెం పైన మాత్రమే తగులుతాయి. మొదటి రౌండ్‌లో మీవాళ్లు ముగ్గురిని పడేసినా ఇంకా ఐదు విల్లులున్నాయి. గాబ్లిన్ కొట్టి బోనస్ యాక్షన్‌తో మళ్లీ దాక్కోగలదు, అది ఇంకో తలనొప్పి. విజార్డ్ మేజ్ ఆర్మర్ (ఏసీ పెంచే మంత్రం) వేసుకోలేదని, ఏసీ 12 అని రాశావు. హెచ్‌పీ 20 దగ్గర ఉంటుందనుకుంటా. ఎనిమిది బాణాలూ అతని మీదకే పోతే 65 శాతం తగిలి, తలా 5 చొప్పున సగటున 26. పైనుంచి సర్‌ప్రైజ్ కూడా ఇచ్చానన్నావు. 2014 నియమాల్లో సర్‌ప్రైజ్ అయినవాళ్లు మొదటి టర్న్‌లో కదలలేరు, ఏ యాక్షనూ తీసుకోలేరు. ఆ పిల్లాడు పాచిక పట్టుకోకముందే పాత్ర నేల మీద ఉంది.

నేల మీద పడ్డాక టర్న్‌ల సంఖ్య ఇంకా ఘోరంగా పనిచేస్తుంది. సున్నా హెచ్‌పీలో ఉన్నవాడికి తగిలిన ప్రతి దెబ్బ ఒక డెత్ సేవ్ (బతుకుతాడా లేదా తేల్చే పాచిక) ఫెయిల్యూర్. ఐదడుగుల లోపు నుంచి తగిలితే క్రిటికల్ (పాచికలు రెట్టింపయ్యే పెద్ద దెబ్బ) కాబట్టి రెండు. మూడైతే పాత్ర పోయినట్టే. ఔల్‌బేర్ పడిపోయినవాడిని వదిలేసి నిలబడ్డవాడి మీదకు పోతుంది. ఎనిమిది గాబ్లిన్‌లలో ఒకటి ఖాళీగా ఉన్నా పడిపోయినవాడి పని పడుతుంది.

నిజానికి పుస్తకం నిన్ను ముందే హెచ్చరించింది. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఫైట్ ఎంత కష్టమో చెప్పే ఎక్స్‌పీ హద్దులు లెవెల్ 3కి తలా ఈజీ 75, మీడియం 150, హార్డ్ 225, డెడ్లీ 400. నలుగురికి 300, 600, 900, 1600. మాన్‌స్టర్‌ల ఎక్స్‌పీ కూడాక సంఖ్యను బట్టి గుణించాలి. రెండుంటే ఒకటిన్నర రెట్లు, మూడు నుంచి ఆరు ఉంటే రెండు రెట్లు, ఏడు నుంచి పది ఉంటే రెండున్నర. ఎనిమిది గాబ్లిన్‌ల 400 అప్పుడు 1000 అవుతుంది, అంటే హార్డ్. ఔల్‌బేర్ 700తో మీడియం. నువ్వు గుణకం వేయకుండా కూడిక దగ్గరే ఆగిపోయావు. మనవాళ్లలో చాలామంది అక్కడే ఆగుతారు.

ఎవరో కింద "2024 పుస్తకం కొనుక్కో, అన్నీ సరిచేశారు" అని రాశారు. జర ఆగు. 2024 గైడ్‌లో ఆ గుణకాన్నే తీసేశారు. లో, మోడరేట్, హై అని మూడు బడ్జెట్‌లు పెట్టారు, లెవెల్ 3కి తలా 150, 225, 400. ఆ లెక్కలో నీ ఎనిమిది గాబ్లిన్‌ల 400 ఎక్స్‌పీ నలుగురి లో బడ్జెట్ 600కు కూడా రాదు. ఆ పుస్తకంలో సర్‌ప్రైజ్ అంటే ఇనిషియేటివ్‌కు (ఎవరి వంతు ముందో తేల్చే పాచికకు) డిస్‌అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం) మాత్రమే కాబట్టి మాటు దెబ్బ కొంత తగ్గింది. కానీ ఎక్కువ మంది ఒక్కసారి మీద పడే ప్రమాదాన్ని డీఎం సొంతంగానే చూసుకోవాలి. లెక్క సులువైంది, నీ బాధ్యత తగ్గలేదు.

నేను ఫైట్ కట్టే పద్ధతి. ముందు పార్టీ రౌండ్ డ్యామేజ్ తీస్తాను. పైన చేసినట్టు క్యారెక్టర్ షీట్‌లు ముందేసుకుంటే పది నిమిషాల పని. మీవాళ్లకు అది 38 అనుకో. మంచి ఫైట్ మూడు, నాలుగు రౌండ్‌లు నడవాలి. రెండో రౌండ్‌లో అయిపోతే కథ ఉండదు, ఆరో రౌండ్ దాకా పోతే అందరూ ఫోన్‌లు తీస్తారు. కాబట్టి శత్రువుల మొత్తం హెచ్‌పీ 38కి మూడింతలు, 110 చుట్టూ ఉండేట్టు చూస్తాను. తర్వాత టర్న్‌లు: నలుగురు ప్లేయర్లుంటే అటువైపు మూడు నుంచి ఐదు. ఆ రెండూ కుదిరాకే ఎక్స్‌పీ పట్టిక తెరిచి, మరీ హద్దు దాటానా అని చూస్తాను. వరుస తిప్పడమే ఇందులో అసలు కిటుకు.

మీ ఔల్‌బేర్‌కే రెండు తోడేళ్లను జతచేసి చూడు. తోడేలు హెచ్‌పీ 11, ఎక్స్‌పీ 50. మొత్తం హెచ్‌పీ 81 (110కి తక్కువే), టర్న్‌లు మూడు. తోడేలుకు ప్యాక్ టాక్టిక్స్ ఉంది కాబట్టి ఎవరిని కొడుతుందో వాళ్ల పక్కన తోటిది ఉంటే అడ్వాంటేజ్‌తో (రెండుసార్లు వేసి ఎక్కువది తీసుకుని) కొడుతుంది, తగిలితే కింద పడేయగలదు కూడా. ఇప్పుడు ఫైటర్ ఎవరి మీదకు పోవాలి, రోగ్ ఎవరిని చూసుకోవాలి అన్న ఆలోచన మొదలవుతుంది. ఫైట్‌కు ప్రాణం అక్కడే వస్తుంది. 2014 లెక్కలో ఇది 800, రెండు రెట్లు వేస్తే 1600, సరిగ్గా డెడ్లీ గీత మీద. 2024 లెక్కలో అదే 800 మోడరేట్ బడ్జెట్ 900 లోపే. ఒకే ఫైట్‌కు రెండు పుస్తకాలు రెండు పేర్లు పెడుతున్నాయి చూశావా? మా టేబుల్ మీద ఇట్లాంటిదే నడిపితే ఒకరు పడ్డారు, క్లెరిక్ లేపింది, అందరూ బయటపడ్డారు. నా అంచనాలో గట్టి హార్డ్ అది.

సీఆర్ చెప్పని విషయాలు. కొన్ని మాన్‌స్టర్‌ల ప్రమాదం హెచ్‌పీ లెక్కలోకి రాదు. షాడో (నీడలాంటి దయ్యం) సీఆర్ అర, ఎక్స్‌పీ 100. నాలుగు పెడితే 2014 లెక్కలో 800, మీడియం. కానీ దాని ప్రతి దెబ్బకూ బలం (స్ట్రెంత్ అంకె) డి4 (నాలుగు ముఖాల పాచిక) మేర తగ్గుతుంది. బలం సున్నాకు వస్తే డెత్ సేవ్‌లు లేవు, పాత్ర అక్కడికక్కడే చస్తుంది. మీ విజార్డ్ బలం 8 అయితే పట్టిక మీడియం అన్నా నేను అనను. ఘూల్ (శవాలు తినే పిశాచం) సీఆర్ 1 మాత్రమే, కానీ గోళ్లు తగిలాక డీసీ 10 కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒంటి గట్టిదనంతో తట్టుకునే పాచిక, మొత్తం 10 రావాలి) తప్పితే కదలకుండా అయిపోతారు. ఆ స్థితిలో ఐదడుగుల లోపు నుంచి తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్. పార్టీలో ఎల్ఫ్‌లున్నారా అన్నది చూసుకో, వాళ్లకు ఆ పక్షవాతం అంటదు. ట్రోల్ రౌండ్‌కు 10 హెచ్‌పీ తిరిగి పెంచుకుంటుంది, నిప్పో యాసిడో తగిలితేనే ఆగుతుంది. నిప్పు లేని పార్టీకి అది సీఆర్ 5 కాదు, ఇంకా పెద్దది.

ఇది ఇటువైపు కూడా పనిచేస్తుంది. నీ విజార్డ్ దగ్గర స్లీప్ (నిద్రపుచ్చే మంత్రం) ఉండి, అతని వంతు ముందొచ్చి ఉంటే 2014 నియమాల్లో 5డి8 (ఎనిమిది ముఖాల పాచికలు ఐదు), సగటున 22 హెచ్‌పీ మేర నిద్రపోయేవి. అంటే మూడు గాబ్లిన్‌లు ఒక్క మంత్రానికి పోయేవి. ఔల్‌బేర్ మీద అదే మంత్రం దండగ. అందుకే సెషన్‌కు ముందు ప్లేయర్ల స్పెల్ లిస్ట్ అడిగి తెచ్చుకో. వాళ్ల ప్లాన్‌ను చెడగొట్టడానికి కాదు, ఏ మంత్రం ఏ ఫైట్‌ను ఒక్క దెబ్బకు ముగిస్తుందో నీకు తెలిసి ఉండటానికి.

విశ్రాంతి లెక్క. ఇది మనవాళ్లు పూర్తిగా వదిలేసే ముక్క. 2014 పుస్తకం ఉద్దేశం ప్రకారం రెండు లాంగ్ రెస్ట్‌ల (రాత్రి నిద్రల) మధ్య ఆరు నుంచి ఎనిమిది మీడియం లేదా హార్డ్ ఫైట్‌లు, మధ్యలో రెండు షార్ట్ రెస్ట్‌లు (చిన్న విరామాలు). లెవెల్ 3కి రోజుకు తలా 1200 ఎక్స్‌పీ, నలుగురికి 4800. నీ ఔల్‌బేర్ ఒక్కటే 700. కానీ ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఛాయ్, మిర్చి బజ్జీలు అయ్యాక మిగిలే టైమ్‌లో ఎనిమిది ఫైట్‌లు ఎవరివల్ల అవుతాయి? ఒక్కటి, మహా అయితే రెండు. ప్రతి సెషన్ మొదట్లో "రాత్రి పడుకుని లేచారు" అనేస్తే విజార్డ్, క్లెరిక్ తమ పెద్ద మంత్రాలన్నీ ఆ ఒక్క ఫైట్‌లోనే పోస్తారు. ఏ బాస్ అయినా తట్టుకోలేదు. పాపం రోగ్ ఆడేవాళ్లకు అట్లా దాచుకుని పోయడానికి మామూలుగా స్లాట్‌లుండవు, వాళ్లు వెనకబడినట్టు అనిపిస్తుంది.

మా దగ్గర సెషన్ ముగిసినా ఆటలో రోజు ముగియదు. ఆదివారం ఆగిన చోటే, మిగిలిన స్లాట్‌లతోనే, వచ్చే ఆదివారం మొదలవుతుంది. ఎవరి దగ్గర ఎంత మిగిలిందో నేనే రాసి ఉంచుతాను, ఎందుకంటే వారం తర్వాత అందరికీ అన్నీ ఫుల్లుగానే గుర్తుంటాయి! లాంగ్ రెస్ట్ కావాలంటే కథలో సురక్షితమైన చోటు చేరాలి. ఈ ఒక్క మార్పుతో మామూలు సీఆర్ 2 ఓగర్ (పెద్ద రాక్షసుడు) కూడా మూడో ఫైట్‌గా వచ్చినప్పుడు భయపెడుతుంది.

నేల. మాటలతో చెప్పడం కంటే మన చుట్టూ ఉన్నవే చూడు. వరంగల్ కోట రాతి గోడ గుమ్మంలోకి నేరుగా పోలేం, దారి మలుపులు తిరుగుతుంది. అట్లాంటి మలుపులో ఫైటర్ నిలబడితే ఎనిమిది గాబ్లిన్‌లలో ఒక్కసారి కత్తి దూసేవి రెండే. ఎనిమిది టర్న్‌లు రెండుకు తగ్గాయి, నువ్వు ఒక్క అంకె మార్చలేదు. అదే ఎనిమిదింటిని పాకాల చెరువు కట్టలాంటి ఎత్తు మీద విల్లులతో పెట్టి, పార్టీని కింద బయలు మీద నడిపిస్తే హార్డ్ కాస్తా డెడ్లీని దాటుతుంది. విల్లు మామూలు రేంజ్ 80 అడుగులు, మనిషి నడక టర్న్‌కు 30 అడుగులు. డ్యాష్ (రెట్టింపు దూరం) చేస్తూ పరిగెత్తినా ఒక టర్న్ అంతా బాణాలు తింటూనే పోవాలి. మ్యాప్ గీసేటప్పుడు దాక్కోవడానికి చెట్లు, బండలు ఎన్ని పెట్టావన్నది గాబ్లిన్‌లు ఎన్ని పెట్టావన్న దానికంటే తక్కువేం కాదు. నేను పాకాల, ఏటూరునాగారం వైపు అడవులను చూసే నా కథలోని అడవిని గీసుకున్నాను. ప్లేయర్లకు చోటు కళ్ల ముందు కడుతుంది, నాకు కొలతలు తేలికవుతాయి.

శత్రువులు ఎప్పుడు ఆగుతారు? ఆఖరి గాబ్లిన్ చచ్చేదాకా కొట్లాడాలని ఎక్కడా రాసిలేదు. ఇదే ఆట 1981 బేసిక్ రూల్స్‌లో ప్రతి మాన్‌స్టర్‌కు 2 నుంచి 12 మధ్య మోరేల్ (ధైర్యం) అంకె ఉండేది. డీఎం రెండు డి6లు వేసి, ఆ అంకె దాటితే వాటిని పారిపోనిచ్చేవాడు. ఐదో ఎడిషన్ ఆడుతున్నా నేను ఆ అలవాటు వదల్లేదు. సగం మంది పోయాక, నాయకుడు పడ్డాక ఒకసారి వేస్తాను. అడవిలో దోచుకుని బతికే గాబ్లిన్ నాలుగు వెండి నాణేల కోసం ప్రాణం పోగొట్టుకోదు. పడిపోయినవాడిని చంపడం కంటే ఈడ్చుకుపోయి డబ్బులడగడం దానికి లాభం. నీ విజార్డ్ అట్లా బందీ అయి ఉంటే వచ్చే వారం సెషన్ దానంతటదే తయారయ్యేది.

ఇక్కడే నా పట్టింపు ఒకటి. కొందరు డీఎంలు స్క్రీన్ వెనక పాచికను మార్చి చెప్పి ప్లేయర్లను కాపాడతారు. నాకది నచ్చదు. నేను టేబుల్ మధ్యలో, అందరి ముందే వేస్తాను. పాచిక మార్చే బదులు మాన్‌స్టర్ నిర్ణయాన్ని మార్చుకో. ఎవరిని కొట్టాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి, రెండో గుంపు ఈ రౌండ్‌లో రావాలా వచ్చే రౌండ్‌లోనా, ఇవన్నీ నీ చేతిలోనివే. హెచ్‌పీ కూడా పుస్తకంలో ఇచ్చింది సగటే. గాబ్లిన్ 2డి6, అంటే 2 నుంచి 12 దాకా. ఔల్‌బేర్ 7డి10+21, అంటే 28 నుంచి 91 దాకా. ఆ హద్దుల్లో ఎంతైనా పెట్టుకో, కానీ ఫైట్ మొదలుకాకముందే రాసి పెట్టుకో. మధ్యలో మార్చడం మొదలుపెడితే ప్లేయర్లకు తెలిసిపోతుంది, ఇగ ఎవరూ దెబ్బకు భయపడరు.

ప్లేయర్లు తగ్గే రోజుల సంగతి కూడా చెప్పాలి. బతుకమ్మకు ఒకరు ఊరికి పోతారు, ఇంటర్నల్స్ అని ఇంకొకరు రారు. ఒక ప్లేయర్ తగ్గితే రౌండ్‌కు నాలుగో వంతు డ్యామేజ్, ఒక టర్న్ పోయినట్టు. అప్పుడు పెద్ద మాన్‌స్టర్ హెచ్‌పీ తగ్గించకు, చిన్నవాటిని తీసెయ్యి. గాబ్లిన్‌లైతే తలకు రెండు చొప్పున.

లెవెల్ 1 వాళ్లకు ఇవన్నీ అంతగా పనిచేయవు. 8 హెచ్‌పీ ఉన్న విజార్డ్‌కు ఓగర్ క్రిటికల్ తగిలితే 4డి8+4, సగటు 22. సున్నాకు దించాక ఇంకా 14 మిగులుతుంది, అది పూర్తి హెచ్‌పీకి సమానమో ఎక్కువో కాబట్టి డెత్ సేవ్ లేకుండానే చావు. ఆ లెవెల్‌లో ఓగర్‌ను దూరం నుంచి చూపించు చాలు.

వచ్చే వారానికి నీ మాటునే తిరగరాస్తాను. అవే ఎనిమిది గాబ్లిన్‌లు, కానీ మొదట నాలుగే, దారికి అడ్డంగా కూల్చిన చెట్టు వెనక. ఆ చెట్టు ప్లేయర్లకు దూరం నుంచే కనపడాలి, పర్సెప్షన్ (గమనించే పాచిక) బాగా పడితే సర్‌ప్రైజ్ తప్పించుకోవాలి. రెండో రౌండ్ చివర ఇంకో రెండు పక్క నుంచి వస్తాయి. చివరి రెండు సరుకుల బండి దోచుకుంటూ ఉంటాయి, ఎవరైనా వాటి మీదకు పోతేనే కొట్లాటలోకి దిగుతాయి. నాయకుడు పడితే మోరేల్ వెయ్యి. ఏ రౌండ్‌లోనూ అటువైపు ఐదారు టర్న్‌లు దాటవు, మొత్తం హెచ్‌పీ అదే 56.

చనిపోయిన విజార్డ్ విషయం అడిగావు కాబట్టి: మీ క్లెరిక్‌కు రివివిఫై (చచ్చినవాడిని బతికించే మంత్రం) రావాలంటే లెవెల్ 5 కావాలి, 300 గోల్డ్ విలువైన వజ్రాలు కావాలి, అదీ చచ్చిన నిమిషం లోపలే. ఆ దారి మూసుకుపోయింది. రెయిజ్ డెడ్ అనే ఇంకో మంత్రానికి పది రోజుల గడువుంది, 500 గోల్డ్ వజ్రం కావాలి, అది వేయగల పెద్ద పూజారి ఎవరైనా నీ కథలో ఉన్నాడా అన్నది నీ ఇష్టం. అది ఆ ప్లేయర్‌నే అడుగు, పాత పాత్ర కోసం పార్టీ అప్పు చేస్తుందా, కొత్తది కావాలా అని. కొత్తదే కావాలంటే లెవెల్ 3లోనే మొదలుపెట్టించు. "చనిపోతే మళ్లీ లెవెల్ 1 నుంచే" అని కొన్ని టేబుళ్లలో ఉన్న నియమం పెట్టుకోకు, ఎందుకంటే మిగతా ముగ్గురి కోసం కట్టిన ఫైట్‌లో ఆ 8 హెచ్‌పీ పాత్ర మొదటి బాణాలకే పోతుంది. షీట్ రాసేటప్పుడు మేజ్ ఆర్మర్ గుర్తుచెయ్యి.